16 టన్నుల బొగ్గు వ్యాగన్ కిట్: అడుగు భాగం చూసి రాసిన సమీక్ష

వ్యాగన్ బాగుందో లేదో పక్క రేకులు చెప్పవు, అడుగు భాగం చెబుతుంది. రేణిగుంట యార్డులో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో, అంటే మేమంతా సి అండ్ డబ్ల్యూ అని పిలుచుకునే చోట పనిచేసినన్నాళ్లూ, గూడ్సు బండి వచ్చి ఆగగానే మేము వంగి చూసింది చక్రాన్ని నొక్కి ఆపే బ్రేక్ బ్లాకులనూ స్ప్రింగులనూ ఇరుసు కొనలు తిరిగే యాక్సిల్ బాక్సులనే. మంగంపేట బెరైటీస్ వచ్చినా, యర్రగుంట్ల సిమెంటు వచ్చినా, లోపలి సరుకు మాకు తరువాతి సంగతి. మా అమ్మాయి ఇంగ్లండు నుంచి వస్తూ తెచ్చిన ఈ బ్రిటిష్ బొగ్గు వ్యాగన్ కిట్‌ను, అంటే ముక్కలు అతికించి కట్టుకునే చిన్న ప్లాస్టిక్ నమూనాను కూడా ఆ కంటితోనే చూశాను. కిట్‌లు కట్టడం నాకు కొత్త. వ్యాగన్లు కొత్త కాదు. ఆ రెండూ కలిసిన మనిషి రాస్తున్న సమీక్షగా దీన్ని చదవండి.

ముందు తీర్పు చెప్పేస్తాను. కొనవచ్చు, తప్పకుండా కొనవచ్చు. రైలు నమూనాలు కట్టాలని కోరిక ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వారికి నాలుగు చక్రాల తెరిచిన వ్యాగన్‌ను మించిన మొదటి పని లేదు. అయితే పెట్టె మీది రంగుల బొమ్మ చూసి మురిసిపోయి కొనవద్దు. లోపలి అడుగు భాగం ముక్కలు ఎలా పోతపోశారో చూసి కొనండి.

తయారీదారు పేరు రాయడం లేదు. ఈ వ్యాగన్‌ను బ్రిటన్‌లో ఒకరికంటే ఎక్కువమంది కిట్‌గా చేశారు. ఒక పెట్టెలో ఒక ముక్క వంగి వచ్చినంత మాత్రాన కంపెనీ మొత్తాన్ని తప్పుబట్టడం న్యాయం కాదు. ఎవరిది కొన్నా నేను కింద చెప్పే పరీక్షలు పనికొస్తాయి.

అసలు వ్యాగన్ గురించి కొంత తెలిస్తే కిట్ కట్టడం సులువవుతుంది. బ్రిటన్‌లో 1948లో రైల్వేలు జాతీయం కాకముందు బొగ్గు రవాణా చాలావరకు గనుల యజమానుల, బొగ్గు వ్యాపారుల సొంత చెక్క వ్యాగన్లలో జరిగేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి యుద్ధ రవాణా శాఖ 16 టన్నుల బొగ్గు మోసే ఉక్కు వ్యాగన్‌కు డిజైను తయారు చేయించింది. జాతీయం అయ్యాక బ్రిటిష్ రైల్వేస్ దాన్నే ఆధారం చేసుకుని రెండు లక్షలకు పైగా కట్టించింది. పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. మన రైల్వేలో బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు. అంటే దాని పక్కన ఇది ఇంచుమించు సగమే.

కిట్ ఓఓ స్కేలులో ఉంటుంది. అసలు బండిలో ఒక అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన వ్యాగన్ పొడవు 66 మిల్లీమీటర్లు, ఇరుసుల మధ్య 36. పూర్తయ్యాక చూపుడు వేలంత ఉంటుంది. ఒక సంగతి మాత్రం మొదట నన్ను ఇబ్బంది పెట్టింది. వాళ్ల 1435 మిల్లీమీటర్ల గేజికి ఈ స్కేలులో పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, కానీ ఓఓ పట్టాల మధ్య ఉండేది 16.5 మాత్రమే. ఎప్పుడో కుదిరిపోయిన పద్ధతి, ఇక మారదు. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌కు అలవాటుపడిన కంటికి ముందునుంచి చూస్తే చక్రాలు లోపలికి జరిగినట్టు కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే ఆ తేడా తెలియదు. ఒక లాభం కూడా ఉంది: దీనికంటే కొంచెం చిన్నదైన హెచ్ఓ స్కేలు పట్టాలు కూడా 16.5 మిల్లీమీటర్లవే కాబట్టి, మన దేశపు వ్యాగన్ల హెచ్ఓ నమూనాలు పరుగెత్తే పట్టాల మీదే ఇదీ పరుగెత్తుతుంది.

పెట్టెలో ఉన్నవి: ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న ముక్కలు, రెండు జతల లోహపు చక్రాలు, ఇరుసు మొనలు కూర్చునే నాలుగు ఇత్తడి గిన్నెలు, కొక్కేలు, అంకెలూ అక్షరాలూ ఉన్న నీటి స్టిక్కర్ల కాగితం, ఒక సూచనల పత్రం. ఆ పత్రం బొమ్మలతోనే నడుస్తుంది, మాటలు తక్కువ. సోల్‌బార్ (పక్కన పొడవునా ఉండే అడుగు దూలం), హెడ్‌స్టాక్ (చివర అడ్డ దూలం), యాక్సిల్ గార్డు (యాక్సిల్ బాక్సును పట్టి ఉంచే రేకు), పుష్ రాడ్ (బ్రేక్ బ్లాకును చక్రం మీదికి నెట్టే కడ్డీ) అని నాలుగు పేర్లు, వివరం లేకుండా రాసి ఊరుకున్నారు. యార్డులో రోజూ వాడిన మాటలే కాబట్టి నాకు ఇబ్బంది కలగలేదు. రైల్వేతో సంబంధం లేనివారు మాత్రం కట్టే ముందు ఒక పాత నాలుగు చక్రాల వ్యాగన్ ఫొటో సంపాదించి ఎదురుగా పెట్టుకోవాలి. ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలిస్తే ఎక్కడ అతకాలో వేరే చెప్పనక్కర లేదు.

పనిముట్ల కోసం ఎక్కడికో వెతుక్కుంటూ వెళ్లనవసరం లేదు. తిరుపతిలో అన్నీ దొరుకుతాయి, అయితే ఒకే దుకాణంలో కాదు. గాంధీ రోడ్డు వైపు సందుల్లో నగల పనివాళ్లకు సామాన్లు అమ్మే చిన్న దుకాణాలున్నాయి. సన్నటి ఆకురాళ్ల సెట్టు, మొన సన్నగా ఉన్న పట్టకారు అక్కడ కొన్నాను. దుకాణదారు నేను తీసుకెళ్లిన ప్లాస్టిక్ ముక్కను చేతిలో తిప్పి చూసి, "దీనికి గరుకు ఆకురాయి వద్దు సార్, వెండి పనికి వాడేది తీసుకోండి" అన్నారు. ఆ సలహా నూటికి నూరు పాళ్లు సరైనది. గరుకు ఆకురాయి ప్లాస్టిక్‌ను కోసేస్తుంది, గీతలు రంగు కింద కూడా కనిపిస్తాయి. ముక్కలను చట్రం నుంచి వేరుచేసే చిన్న కట్టర్ ఫోన్లు బాగుచేసేవాళ్ల సామాన్ల దుకాణంలో దొరికింది. ఈ మూడింటికీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

జిగురు ఒక్కటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మండే ద్రవం కాబట్టి విమానంలో తీసుకురానివ్వరు. తమియా కంపెనీ ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ వాడాను, ఆకుపచ్చ మూత సీసా, మూతకే కుంచె ఉంటుంది. ఇది అంటించే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. ముక్కలకు ముందుగా పూయకూడదు. రెండు ముక్కలనూ పొడిగా జోడించి పట్టుకుని, కుంచె కొనను అతుకు దగ్గర ఆనిస్తే చాలు, ద్రవం సందులోకి తానే పాకుతుంది. ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. వెల్డింగ్ చేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మన ఊరి ఎండకు ఒక జాగ్రత్త కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఈ ద్రవం సందులోకి పాకేలోపే ఆవిరవుతుంది. పొద్దున్నే కూర్చోవడం మేలు. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే చిన్న ముక్కలు ఎగిరిపోతాయి. కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి, ఆ వాసన ఒంటికి మంచిది కాదు.

ఇక అసలు విషయం, అడుగు భాగం.

సూచనల పత్రం ముందు నాలుగు గోడలూ నిలబెట్టమంటుంది. ఆ క్రమం సరైనదే, పెట్టె మూలలు సరిగ్గా లంబకోణంలో కుదరకపోతే తరువాత ఏదీ కుదరదు. నా పెట్టెలో నేల ముక్క మధ్యలో కొంచెం వంగి వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, గాజు పలక మీద బరువు పెట్టి చల్లార్చితే చదునైంది. ఆ తరువాత రెండు వైపులా సోల్‌బార్లు. వాటి మీదే యాక్సిల్ గార్డులు, పట్టీ స్ప్రింగులు, యాక్సిల్ బాక్సులు కలిసి ఒకే పోతగా వస్తాయి. ఇక్కడే తయారీదారు మనసు తెలుస్తుంది. స్ప్రింగు పట్టీలు ఒకదాని కింద ఒకటి పొట్టి అవుతూ వచ్చాయి, పట్టీల మధ్య గీత తెలుస్తోంది, మధ్యలో బిగించే కట్టు కూడా ఉంది. యాక్సిల్ బాక్సు మూత మీద బోల్టుల తలలు కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూశాను. బియ్యపు గింజలో సగం లేని జాగాలో ఇంత పని చేసినవాళ్లు అసలు వ్యాగన్ కింద కూర్చుని చూసి ఉంటారు. నా ఉద్యోగ జీవితంలో తాకిన వస్తువులను ఇంత చిన్నగా, ఇంత గౌరవంగా ఎవరో చేశారన్నది నాకు నిజంగా సంతోషం కలిగించింది.

యాక్సిల్ గార్డు వెనక చిన్న రంధ్రంలో ఇత్తడి గిన్నె కూర్చోవాలి. ఇరుసు రెండు కొనలూ సూది మొనల్లా ఉండి ఆ గిన్నెల్లో తిరుగుతాయి. రెండో సోల్‌బార్ అతికించేటప్పుడు చక్రాలను మధ్యలో పెట్టి, జిగురు ఆరకముందే వ్యాగన్‌ను గాజు పలక మీద నిలబెట్టాలి. నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో మెల్లగా నొక్కి చూడండి. ఏ మూల నొక్కినా ఎదుటి మూల లేవకూడదు. లేస్తే ఆ వైపు యాక్సిల్ గార్డును వెంట్రుకవాసి జరపాలి. ఆ పని జిగురు ఆరకముందే చేయాలి, ఆరాక చేయడానికి ఏమీ ఉండదు. నాలుగు చక్రాలూ పట్టాను తాకని వ్యాగన్ అసలు లైనులో పట్టాలు తప్పుతుంది, ఈ చిన్న లైనులోనూ తప్పుతుంది. అందుకే మొదటిసారి కట్టేవారు ఈ ఒక్క ఘట్టానికి ఎంత సమయమైనా కేటాయించాలని గట్టిగా చెబుతున్నాను. ముందు పక్క చక్రాలు, వెనక పక్క చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో పైనుంచి స్కేలు పెట్టి చూసుకోవాలి.

తరువాత బ్రేకులు. ఈ వ్యాగన్లలో చాలావాటికి మన పాత వ్యాగన్ల మాదిరి, బండి అంతటా ఒకేసారి బ్రేకు పట్టించే వ్యాక్యూమ్ సిలిండరు లేదు. వాటికి చేతి బ్రేకులే. పక్కన పొడవాటి మీట, దించాక అది పైకి లేవకుండా పట్టే పళ్ల కమ్మీ, మధ్యలో వి ఆకారపు వేలాడే కమ్మీ, దాని నుంచి రెండు పుష్ రాడ్లు, వాటి చివర బ్రేక్ బ్లాకులు. ఆ బ్లాకులు చక్రం అంచుకు ఎదురుగా, దాదాపు తాకుతున్నట్టు ఉండాలి, కానీ తాకకూడదు. నా కిట్‌లో బ్లాకులు చక్రాల కంటే బయటి వైపుకు జరిగి కూర్చునేలా ఉన్నాయి. పైన చెప్పిన గేజి తేడాకు చక్రాలు లోపలికి జరిగాయి, బ్రేకులు వాటితో పూర్తిగా కలిసి రాలేదు. బ్లాకు వెనక సన్నని ప్లాస్టిక్ ముక్క అతికించి చక్రం ఎదురుగా తెచ్చాను. సామాన్య దృష్టికి ఇది అవసరం లేని పని. కానీ బ్లాకు చక్రానికి ఎదురుగా లేని వ్యాగన్‌కు ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నా చేయి రాదు.

పళ్ల కమ్మీ మరీ సన్నని ముక్క, చట్రం నుంచి కోసేటప్పుడు విరిగే ప్రమాదం దానికే ఎక్కువ. దాన్ని అన్నిటికంటే చివర, చట్రాన్ని బల్ల మీద అదిమి పట్టి కోయండి.

పై భాగం గురించి చెప్పడానికి తక్కువే ఉంది. పక్క తలుపులు, వాటి కీళ్లు, నిలువు కమ్మీలు శుభ్రంగా పోతపోశారు. గోడలు మాత్రం అసలు ఉక్కు రేకు కంటే లావు. ప్లాస్టిక్‌లో అంతకంటే పలచగా పోయడం కష్టం, బొగ్గు నింపితే అంచు ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి ఆ పై అంచును లోపలి వైపు నుంచి ఆకురాయితో పలచన చేస్తే సరిపోతుంది.

నీటి స్టిక్కర్లలో ఒక తెల్లని వాలు గీత ఉంటుంది. ఇది అలంకారం కాదు. ఈ వ్యాగన్లకు ఒక చివర గోడ పైనుంచి వేలాడే తలుపు. రేవుల్లో వ్యాగన్‌ను ఆ వైపు ఎత్తి వంచి బొగ్గు ఓడల్లోకి దింపేవారు. తలుపు ఏ చివర ఉందో దూరం నుంచే తెలియడానికి ఆ గీత. దాని పై కొన తలుపున్న చివరను చూపిస్తుంది. కాబట్టి ఒక పక్క గీత కుడికి వాలితే, రెండో పక్క ఎడమకు వాలుతుంది. రెండు పక్కలా ఒకే వైపు వాలినట్టు అంటిస్తే ఒక గీత అబద్ధం చెబుతుంది. స్టిక్కరు నీళ్లలో నానబెట్టే ముందే తలుపు ఏ చివర ఉందో పెన్సిలుతో నేల కింద గుర్తు పెట్టుకోండి.

రంగు: చేతి బ్రేకులు మాత్రమే ఉన్న వ్యాగన్లకు బూడిద రంగు వేసేవారు. కార్లకు వాడే బూడిద ప్రైమరు స్ప్రే మీద అక్రిలిక్ రంగు పలచగా రెండు పూతలు చాలు. స్టిక్కర్ల మీద చివర కొట్టే మెరుపు లేని వార్నిష్‌ను మాత్రం నవంబరు వానల్లో కొట్టవద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది తెల్లగా పొగమంచు కమ్మినట్టు ఆరుతుంది. మబ్బు విడిచి ఎండ కాసే దాకా ఆగాలి.

తుప్పు గురించి నాకు కొంత పట్టుదల ఉంది. చాలామంది వ్యాగన్ అంతా గోధుమ రంగు పులిమి పాతది అంటారు. తుప్పు అలా పట్టదు. నీళ్లు నిలిచే చోట మొదలవుతుంది: తలుపు అడుగు అంచున, వెల్డింగ్ అతుకుల వెంట, నేల మూలల్లో. అక్కడి నుంచి కిందికి చారలుగా దిగుతుంది. లోపలి గోడల మీద సరుకు రాపిడికి రంగు పూర్తిగా పోయి రేకు ఎర్రబడుతుంది. యాక్సిల్ బాక్సుల దగ్గర మాత్రం తుప్పు ఉండదు, నూనె కారి దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. చక్రాల చుట్టూ, సోల్‌బార్ కింద పోత ఇనుము బ్రేక్ బ్లాకులు అరిగిన పొడి పడి ఎర్రమట్టి రంగు వస్తుంది. ఈ మూడు రంగులనూ మూడు చోట్ల వేరుగా వేస్తే చూసినవాళ్లు అడగకుండానే ఇది పనిచేసిన బండి అంటారు.

బరువు విషయం సూచనల పత్రంలో లేదు, ఉండి ఉండాల్సింది. కట్టిన ప్లాస్టిక్ వ్యాగన్ మరీ తేలిక, మలుపులో పట్టా దిగుతుంది. ఇరుసుకు 25 గ్రాముల చొప్పున మొత్తం 50 గ్రాములు ఉండేలా చూసుకోవాలని నమూనాలు కట్టేవారు అనుసరించే లెక్క. టైర్ల దుకాణాల్లో చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే 5, 10 గ్రాముల ముక్కలు దొరుకుతాయి, వెనక జిగురు పట్టీ కూడా ఉంటుంది. నేల మీద రెండు ఇరుసులకూ సమానంగా పడేలా అంటించాను. దాని మీద అట్టముక్క, అట్టముక్క మీద బొగ్గు. బొగ్గుకు ఇస్త్రీ బండి దగ్గర తెచ్చిన ముక్కలను దంచి టీ వడకట్టే జల్లెడలో జల్లించాను. కొంచెం పెద్ద పలుకులు, కొంచెం చిన్నవి కలపాలి. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి పైన చుక్కలుగా వదిలితే పలుకుల మధ్యకు ఇంకి గట్టిపడుతుంది.

నడక పరీక్షకు ఇంజను లేకపోయినా పరవాలేదు. ఒక మీటరు పట్టాను చెక్కకు బిగించి, ఒక చివర కింద పుస్తకం పెట్టి వ్యాగన్‌ను వదిలాను. ఊగకుండా, చప్పుడు లేకుండా చివరిదాకా జారింది. చెక్కను ఇంకా పడుకోబెట్టినా జారింది. ఇత్తడి గిన్నెలు పెట్టిన లోహపు చక్రాల గొప్పతనం అది. ప్లాస్టిక్ చక్రాలతో వచ్చే కిట్ తక్కువ ధరకు దొరికినా, లోహపు చక్రాలు విడిగా కొనుక్కోవడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

ధర బ్రిటన్‌లో పది నుంచి పదిహేను పౌండ్ల మధ్య. ఇక్కడికి కొరియరులో తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి ధరను మించిపోవచ్చు. వచ్చే బంధువుల చేత రెండు మూడు కలిపి తెప్పించుకోవడమే దారి. పెట్టె చిన్నది, తేలిక, ఎవరూ కాదనరు. చిన్నపిల్లలకు ఆట వస్తువుగా మాత్రం ఇవ్వవద్దు. బ్రేక్ మీటలు ఒక్క పూట నిలవవు. పదో తరగతి దాటి ఓపికగా కూర్చోగలిగిన పిల్లలకు, సెట్టిపల్లి వర్క్‌షాపులోనో గూడ్సు షెడ్లలోనో పనిచేసి ఇంట్లో ఉన్న మా వంటివాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది.

రెండో కిట్‌గా ఏది కొనాలని అడిగేవారికి బ్రేక్ వ్యాన్ చెబుతాను. అప్పట్లో ఈ బొగ్గు వ్యాగన్లు మూడు లింకుల గొలుసుతో వదులుగా కలిపి నడిచేవి. బండి మొత్తాన్ని ఇంజను బ్రేకు, చివర 20 టన్నుల బ్రేక్ వ్యాన్‌లో కూర్చున్న గార్డు చేతి బ్రేకు కలిసి ఆపాలి. నిలువు దిగుడు వస్తే బండి ఆపి, వ్యాగన్ల మీటలు ఒక్కొక్కటిగా దించి మరీ కదిలేవారు. బ్రేక్ వ్యాన్ లేకుండా ఇలాంటి వ్యాగన్లను లైను మీదికి పంపేవారు కాదు. మా అమ్మాయికి ఆ కిట్ పేరు ఇప్పటికే రాసి పంపాను.